కొండ వింటాది

మెడలో పేరు వేలాడదీసుకుని కొండ ఎక్కడం ఈ వయసులో నాకు కొత్త. దసరా సెలవుల్లో పిల్లలూ పెద్దలూ కలిసి కొండ మీద నడవాలట, చెట్లను గుర్తుపట్టాలట, పిట్టల కూతలు విని పుస్తకంలో రాసుకోవాలట. మా అమ్మాయి ఫోనులో చూసి తనకూ, తన కూతురికీ, నాకూ కలిపి పేర్లిచ్చేసింది. కర్నూలు నుంచి వ్యానులో తెచ్చి కొండ కింద దించారు. టోపీ పెట్టుకున్న ఒక కుర్రవాడు వచ్చి అందరి మెడల్లో తాళ్లు వేశాడు. తాడు చివర అట్టముక్క, అట్ట మీద పేరు. మా కాలంలో ఎనుములకు కూడా ఇంత మర్యాద చేసేవాళ్లం కాదు.

"పిల్లలూ, ఎవరైనా దారి తప్పితే కంగారు పడొద్దు. ఉన్నచోటే ఉండండి. మేము మీ పేరు పెట్టి గట్టిగా పిలుస్తాం. వినపడగానే పలకండి," అన్నాడు ఆ కుర్రవాడు.

పిల్లలందరూ "ఓ" అని అరిచారు. నా మనవరాలు అందరికన్నా గట్టిగా అరిచింది. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే మెడలోని అట్టను తిప్పేసింది, పేరు లోపలి వైపుకు వచ్చేటట్టు. మా అమ్మాయి చూసి "ఏమైంది?" అంది. "గాలికి తిరిగిందిలే," అన్నాను. గాలి లేదు.

మా ఊరు డోన్‌కూ బనగానపల్లెకూ మధ్య, ఎర్రమల కొండల కింద ఉండేది. చుట్టూ నాపరాళ్ల గనులు. మాది చర్చి వీధి. ఊళ్లో దసరా చేసుకునే ఇండ్లు వేరే, మా ఇండ్లు వేరే. పండగ మాది కాదు గానీ సెలవులు మాత్రం మావే. ఆ సెలవుల్లో ఒక రోజు ఇంటిల్లిపాదినీ కొండకు తోలుకుపోవడం మా అవ్వ ఆచారం. నాయనను కన్న తల్లి ఆమె. చర్చిలో ఎట్లా ముందు వరుసలో కూర్చునేదో, కొండ దారిలో కూడా అట్లాగే అందరికన్నా ముందు నడిచేది.

సీతాఫలాల కోసం పోయేవాళ్లం. వానలు అప్పుడే వెనక్కి తగ్గి ఉండేవి. బోదగడ్డి మోకాలి ఎత్తు పెరిగి, తొక్కితే ఒక ఘాటు వాసన లేచేది. తంగేడు పసుపుపచ్చగా పూసి ఉండేది. పొద్దున్నే కాల్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డలు గుడ్డలో మూటకట్టి, సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకుని బయలుదేరేవాళ్లం. కాయ మీది గళ్ల మధ్య తెల్లగా విచ్చుకుంటే కన్ను తెరిచిందనేవాళ్లం. కన్ను తెరిచిన కాయనే కోయాలి. తెరవని కాయ ఎన్నాళ్లు గడ్డిలో పెట్టినా మాగదు. రాయి మాదిరే ఉంటుంది.

కొండ మొదట్లో ఒక పెద్ద రాతిగుండు ఉండేది. అక్కడ అవ్వ ఆగి, వెనక్కి తిరిగి, ప్రతి సంవత్సరమూ అదే మాట చెప్పేది.

"ఈడి నుంచి ఎవురూ పేరు ఎత్తగూడదు. కొండ వింటాది."

పేరు బదులు కూత. ఒకరు 'కూ' అంటే ఇంకొకరు 'కూ' అనాలి. అవ్వ కూత పొడుగ్గా సాగేది. అమ్మది పొట్టిగా, రెండు తునకలుగా ఉండేది. చిన్నాయన కూత పెడితే కౌజు పిట్టలు లేచిపోయేవి. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, మనకు దేవుడుండాడు గదా. కొండ వింటే ఏమైతాది?"

"దేవుడు దేవుడే, కొండ కొండే. నోర్మూసుకొని నడువుమే," అంది అవ్వ.

నేను చెప్పే సంవత్సరం నాకు పదేళ్లు, మా తమ్మునికి అయిదు. నాయన డోన్‌లో పనికి పోయి రాలేదు. అవ్వ, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, నేను, తమ్ముడు, ఇంతే బయలుదేరాం. చిన్నమ్మ చిన్నాయనను పెండ్లాడి ఇంటికి వచ్చి ఆరు నెలలు. మూడో నెల కడుపుతో ఉంది. రొట్టెల మూట ఆమె నెత్తిన ఉంది. ఆ రోజుకు ఎనిమిది రోజులుగా అవ్వ ఆమెతో మాట్లాడడం లేదు.

దానికి కారణం ఎండు ద్రాక్ష. నెలకొకసారి చర్చిలో ప్రభువు సంస్కారం, రొట్టె ముక్కా గుక్కెడు ద్రాక్షరసమూ, ఇచ్చేవాళ్లు. దానికి రసం మా ఇంట్లోనే తయారయ్యేది. ఎండు ద్రాక్ష నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి ఇవ్వడం అవ్వ పని. ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు. ద్రాక్ష ఒక గాజు సీసాలో అటక మీద ఉండేది. నేను జొన్నల మూట మీదికెక్కి సీసా మూత తీసేదాన్ని. తమ్ముడు గడపలో నిలబడి కాపలా కాసేవాడు. నాలుగు నాకు, రెండు వాడికి. రోజూ అంతే. దొంగతనంలో కూడా నేను న్యాయంగా ఉండలేదు.

సీసా సగానికి దిగినాక అవ్వ చూసుకుంది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. చిన్నమ్మ వినేటట్టు అమ్మతో అంది: "కడుపుతో ఉండే పిల్ల, నోరు కట్టుకోలేకపోయింటాదిలే. అయినా దేవుని దాంట్లో చెయ్యి పెట్టొచ్చునా?"

చిన్నమ్మ 'నేను కాదత్తా' అని ఒక్క మాట అనలేదు. అంటే నమ్ముతారన్న ధైర్యం లేకపోయి ఉంటుంది. ఆ సాయంత్రం ఎనుముల కొట్టంలో ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే చూశాను. చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. తమ్ముడిని గోడ వెనక్కి తీసుకుపోయి, ఎవరికైనా చెప్పావంటే నిన్ను బడిలో చేర్చనివ్వనని బెదిరించాను. వాడికి బడి అంటే శానా ఇష్టం.

కొండ మీద పొద్దు నడినెత్తికి రాకముందే రెండు గంపలు నిండాయి. పైన, గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న చోట, ఎవరి చెయ్యీ పడని చెట్లున్నాయని నాకు తెలుసు. ఒక్కదాన్నే పోయి, అందరికన్నా పెద్ద కాయ తెచ్చి అవ్వ ముందర పెట్టాలని నా ఆశ. తమ్ముడు నా పావడా పట్టుకుని వదలలేదు. కాస్త దూరం వచ్చి కాళ్లు నొప్పులన్నాడు. ఎత్తుకోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక గుండు కింద గుహ మాదిరి ఖాళీ ఉంటే వాడిని దాంట్లో కూర్చోబెట్టాను.

"ఈడనే కూసో. నేనొచ్చేదాకా కదలాకు. కొండ నిన్ను పిలుస్తాది. పలకాకు."

"అవ్వ కూత పెడితే?"

"కొండ కూడా అవ్వ మాదిరే కూత పెడతాది. అమ్మ గొంతుతో పిలుస్తాది. పలికినావా, లోపలికి గుంజుకుంటాది."

వాడి కండ్లు పెద్దవయ్యాయి. అది చూసి నాకు ఇంకా హుషారు వచ్చింది.

"నువ్వు పిలిస్తేనో అక్కా?"

"నా గొంతు కూడా నేర్చుకొని ఉంటాది. పలకాకు."

"మరి నువ్వే అని నాకెట్ల తెలుస్తాది?"

వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఒక్క క్షణం ఆలోచించి నేను జవాబు చెప్పాను.

"ఎండు ద్రాక్ష సంగతి చెప్తా. అది మనిద్దరికే తెలుసు. కొండకు తెలీదు."

వాడు నమ్మి తలూపాడు. నేను పైకి పోయాను.

కాయ దొరికింది. రెండు చేతులా పట్టుకోవలసినంత కాయ. దాన్ని పావడాలో చుట్టుకుని దిగివస్తుంటే ఒక గుండు కనబడింది. దాని కింద తొంగి చూశాను, ఎవరూ లేరు. పక్కనే ఇంకొకటి, దాని కిందా లేరు. అప్పుడు తలెత్తి చూశాను. ఆ వాలు నిండా గుండ్లే. అన్నీ ఒకటే నలుపు, అన్నిటి పక్కనా బోదగడ్డే. ఎక్కేటప్పుడు ఒక్కదానికైనా గుర్తు పెట్టుకోలేదు.

మెల్లగా 'కూ' అన్నాను. జవాబు లేదు. నేను చెప్పినట్టే వాడు వింటున్నాడు.

కింద నుంచి అమ్మ కూత వినబడింది, రెండు తునకలుగా. రొట్టెలు తినడానికి పిలుస్తోంది. దిగిపోయాను. "తమ్ముడేడిమే?" అంది అమ్మ. "నాకేం తెలుసు? నీ దగ్గరే ఉండె గదా," అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. కాసేపట్లో ఎట్లాగో పోయి తెచ్చేస్తానులే అనుకున్నాను.

ముందు అందరూ కూతలు పెట్టారు. చిన్నాయన ఒక పక్కకు, అమ్మ ఒక పక్కకు పోయారు. నేను అందరి కళ్లూ తప్పించుకుని వాలు మీదికి పరుగెత్తి, గుండు గుండు కిందికీ వంగి "ద్రాక్షరా, ఎండు ద్రాక్షరా" అని గుసగుసలాడాను. గట్టిగా అంటే కింద వినపడుతుందని భయం. గుసగుస పది అడుగులు కూడా పోలేదు. ఎన్ని గుండ్ల కింద చూశానో, ఏది చూశానో ఏది చూడలేదో కూడా తెలియకుండా పోయింది.

ఎండ వెనక్కి తిరిగింది. సొరకాయ బుర్రలో నీళ్లు అయిపోయాయి. వాడు పొద్దున తిన్నది అర్ధ రొట్టె. ఆ కొండలో పాములుంటాయి, ఎలుగుబంట్లు దిగుతాయని చెప్పుకునేవాళ్లు. వాటన్నిటికన్నా భయమైనది ఇంకొకటి ఉంది. కొండకు అవతలి పక్క పాడుబడిన బండల గని. వానాకాలం నీళ్లు నిండితే రెండు నిలువుల లోతు. గట్టు ఉండదు. నడుస్తూ నడుస్తూ నీళ్లలో పడేటట్టు ఉంటుంది.

అమ్మ కూతలు మానేసింది. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. అవ్వ "వద్దమ్మా, వద్దు" అని చెయ్యి పట్టుకుంది. అమ్మ విదిలించుకుంది. కొండంతా తమ్ముని పేరు. ఎదురు కొండ నుంచి ఆ పేరు మళ్లీ తిరిగి వస్తోంది. ఇంకొంచెంసేపటికి అవ్వ కూడా నోరు తెరిచి వాడిని పేరు పెట్టి పిలిచింది. నేను పుట్టినప్పటి నుంచి కొండ మీద అవ్వ నోట ఒక పేరు వినడం అదే మొదలు.

ఆ అరుపులకు ఒక మనిషి కట్టె పట్టుకుని చెట్ల సందుల్లోంచి వచ్చాడు. వస్తూనే మా గంపల వైపు చూశాడు. అవ్వ గబుక్కున గంపలకు అడ్డం నిలబడింది. తర్వాత ఏమనుకుందో, పక్కకు జరిగింది.

"ఏమప్పా, పిల్లోడు కనపడలే. అయిదేండ్లోడు. యాడన్నా చూస్తివా?"

ఆ మనిషి గంపల మాట ఎత్తలేదు. మొఖం మాత్రం మారింది.

"గని కాడ చూస్తిరా అవ్వా? ఇందాక ఆడ చిన్న చెప్పు ఒకటి చూస్తి."

అమ్మ నిలబడిన చోటనే కూలబడిపోయింది. చిన్నాయన అప్పటికే పరుగెత్తాడు. వెనకాలే మేమందరం పోయాం. గని ఒడ్డున రాళ్ల మధ్య నిజంగానే ఒక చెప్పు ఉంది. ఎండకు వంకర తిరిగిన చిన్న రబ్బరు చెప్పు. "వానిదేనా?" అని అడుగుతున్నారు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తోంది. పొద్దున కన్నబిడ్డకు తొడిగిన చెప్పు ఏ రంగుదో ఆమెకు గుర్తు రావడం లేదు. నాకూ రాలేదు.

చిన్నాయన చొక్కా విప్పి దూకాడు. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. శానాసేపటికి పైకి తేలాడు, చేతిలో బురద. "ఏం దొరకలే" అని మళ్లీ మునిగాడు. చిన్నమ్మ ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని "చాలు, పైకి రా, పైకి రా" అంటోంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. ఈసారి చిన్నాయన ఇంకా ఎక్కువసేపు రాలేదు.

తమ్ముడు గుండు కిందనే ఉన్నాడని నాకు తెలుసు. తెలుసా? నేను చెప్పినంత మాత్రాన అయిదేండ్ల పిల్లోడు ఇంతసేపు కూర్చుంటాడా? దాహమేసి లేచి, నీళ్లు కనబడితే ఇటు వచ్చి ఉండడా? ఇప్పుడు నోరు తెరిస్తే అవ్వ నన్ను చంపేస్తుంది. తెరవకపోతే నీళ్ల కింద చిన్నాయనకు ఏమన్నా అవుతుంది. చిన్నమ్మ చేతుల వైపు చూశాను. ఇంక చూడలేకపోయాను.

వెనక్కి తిరిగి వాలు మీదికి పరుగెత్తాను. పరుగెత్తుతూనే గొంతు చినిగిపోయేటట్టు అరిచాను.

"ఎండు ద్రాక్ష తినింది నేనే! అటక మీది సీసాలో చెయ్యి పెట్టింది నేనే! చిన్నమ్మ కాదు! నాలుగు నేను తింటి, రెండు నీకిస్తి! కొండ కాదురా, నేనే! చిన్నమ్మ తినలే!"

వెనకాల నీళ్ల చప్పుడు ఆగింది. అమ్మ ఏడుపు ఆగింది. ఎదురు కొండ కూడా 'తినలే, తినలే' అంది. నేను ఆగలేదు. అదే మాట, గుండు తర్వాత గుండు దాటుకుంటూ అరిచాను.

"అక్కా?"

అప్పటికి మూడుసార్లు దాటిపోయిన గుండు అది. బోదగడ్డి అడ్డం పడి సందు కనబడలేదు. గడ్డి తొలగించి వాడు తల బయటపెట్టాడు. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. కాళ్లకు రెండు చెప్పులూ ఉన్నాయి.

గని ఒడ్డున దొరికిన ఆ చెప్పు ఎవరిదో మేము ఎన్నడూ, ఎవరినీ అడగలేదు.

అందరికన్నా ముందు చేరింది అమ్మ. వాడిని ఎత్తుకుని, గట్టిగా అదుముకుని, నా వైపు చూడకుండా నిలబడింది. తమ్ముడు ఆమె భుజం మీది నుంచి నాతో మాట్లాడాడు. వాడి మొఖంలో గెలిచినవాని సంతోషం.

"అక్కా, కొండ అమ్మ మాదిరే పిలిచింది. శానాసార్లు పిలిచింది. అచ్చం అమ్మ మాదిరే ఏడ్చింది గూడా. అయినా నేను పలకలే!"

ఆ మాటకు అమ్మ కళ్లు మూసుకుంది. ఆమె నన్ను కొట్టలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా దాని గురించి ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు ఎంత నిమ్మళంగా ఉండేదో.

అవ్వ ఆయాసపడుతూ వచ్చింది. నా చెవి పట్టుకుంటుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని చిన్నమ్మ దగ్గరికి పోయింది. అందరూ చూస్తుండగా, ఆ పరాయి మనిషి కూడా చూస్తుండగా, చిన్నమ్మ గడ్డం పట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. అడగకుండానే అనేస్తి."

చిన్నమ్మ అప్పుడు బయటికి ఏడ్చింది. చిన్నాయన తడి బట్టలతో పక్కన నిలబడి ఏం చేయాలో తెలియక పంచె పిండుకుంటూ ఉండిపోయాడు. ఆ ఆదివారం సంస్కారానికి ద్రాక్ష నానబెట్టింది చిన్నమ్మే. అవ్వ ఆ సీసా మళ్లీ తన చేతిలోకి తీసుకోలేదు.

కట్టె పట్టుకున్న మనిషి తమ్మునికి తన దగ్గరున్న నీళ్లు తాగించాడు. వాడిని భుజాల మీద కూర్చోబెట్టుకుని కొండ మొదట్లో గుండు దాకా దించాడు. దించినాక మా రెండు గంపలూ తన పక్కన పెట్టుకున్నాడు.

"ఏమనుకోవాకవ్వా. ఈ కొండ మీది కాయలు మా వాళ్లు గుత్తకు పట్టినారు. ఏటేటా ఎవురో కోసకపోతాండారని నన్ను కావిలి పెట్టినారు."

నా పావడాలో చుట్టుకున్న పెద్ద కాయ కూడా అతని గంపలోనే పడింది. ఊరి దారి పట్టినాక నేను అవ్వ పక్కకు చేరి, భయపడుతూనే అడిగాను.

"అవ్వా, అందురూ పేర్లు పెట్టి పిలిస్తిరి గదా. కొండ ఏమన్నా చేస్తాదా?"

అవ్వ నవ్విందో ఏడ్చిందో తెలియని గొంతుతో అంది.

"కొండకు చెవులు యాడుండాయిమే! ఆ కావిలోనికి ఉండాయి. పేరు చెవిన పడితే ఎవురి ఇంటోళ్లో తెలిసిపోతాది గదా. అందుకే అట్లంటి. నేనొక అబద్ధం చెప్తి, నువ్వు దానికి తోక తగిలిస్తివి."

ఆ తర్వాత మేము కొండకు సీతాఫలాల కోసం పోలేదు. కొన్నేండ్లకు అవ్వ కన్నుమూసింది. ఊళ్లో గనులు పెరిగి ఆ వాలు మీది గుండ్లను ఒకటొకటిగా పగలగొట్టి తీసుకుపోయాయి. తమ్ముడు కూర్చున్న గుండు ఏ ఇంటి పునాదిలో ఉందో ఎవరికి తెలుసు? వాడిప్పుడు బనగానపల్లెలో మామిడి తోట చూసుకుంటూ, మనవళ్ల మీద అరుస్తూ ఉంటాడు. ఆ పిలుపులు కొండవి కావని వాడికి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. వాడు అడగలేదు.

ఒక్కసారే ఆ మాట వచ్చింది. అమ్మను సమాధి తోటలో దించే రోజు. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించారు. అందరూ తలా గుప్పెడు మట్టి వేసి వెనక్కి జరిగారు. తమ్ముడు మాత్రం మట్టి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను పోయి భుజం మీద చెయ్యి వేశాను.

"అక్కా, ఆ పొద్దు కొండ మీద అమ్మ అన్నిసార్లు పిల్చె. ఒక్కసారన్నా పలికి ఉండాల్సింది," అన్నాడు.

తప్పు నాదిరా అనాలని నోటి దాకా వచ్చింది. కొండంతా వినేటట్టు అరిచినదాన్ని, పక్కన నిలబడ్డ వాడితో ఆ మాట చెప్పలేకపోయాను.

"అమ్మమ్మా, రా! అందరూ ముందు పోయినారు!"

మనవరాలు బోదగడ్డిలో నిలబడి పిలుస్తోంది. మెడలో పేరు ఊగుతోంది. దగ్గరికి వచ్చి, చిన్న గొంతు చేసి అడిగింది.

"ఆ టోపీ అన్న, మన పేరు పిలిస్తే పలకమన్నాడు కదా. మరి పిలిచింది వేరే ఎవరైనా అయితే?"

వంగి దాని మొఖం నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టాయి.

"ఎవరు పిలిచినా ముందు పలుకు తల్లీ," అన్నాను. "ఎవరనేది తర్వాత చూసుకుందాం."

అది సరేనని ముందుకు పరుగెత్తింది. నేను మెడలోని అట్టను పేరు బయటికి కనబడేటట్టు తిప్పుకుని, దాని వెనక నడిచాను.